జొరాస్టర్ టెంపుల్: గోడ సంగతి సరే, గోడ దాకా దారి ఎటు?

రాళ్లబాట (టెంపీ, అరిజోనా) | సెప్టెంబరు 2

అందరికీ నమస్కారం. గ్రాండ్ కాన్యన్ లోపల ఉన్న జొరాస్టర్ టెంపుల్ అనే రాతి శిఖరం ఎక్కాలని నేనూ, మా ఆఫీసు మిత్రుడూ చాలాకాలంగా అనుకుంటున్నాం. అక్టోబరు ఆఖరి వారంలో క్లియర్ క్రీక్ ప్రాంతంలో రెండు రాత్రులకు పర్మిట్ దొరికింది. ఎక్కాలనుకుంటున్నది 1958లో డేవ్ గాన్సీ, రిక్ టిడ్రిక్ మొదటిసారి ఎక్కిన ఈశాన్యపు అంచు. రాతి మీద నాకు ఓనమాలు భువనగిరి గుట్ట మీద పడ్డాయి. ఇక్కడికి వచ్చాక సెడోనా ఇసుకరాతి మీద బాగానే తిరిగాను. అందువల్ల గోడంటే పెద్దగా బెరుకు లేదు.

బెరుకంతా గోడ దాకా దారి గురించే. సౌత్ కైబాబ్ బాటలో నదికి దిగడం, నల్ల వంతెన దాటడం, లోయ అడుగున ఉన్న విడిది ఫాంటమ్ రాంచ్ దగ్గర క్లియర్ క్రీక్ బాట పట్టుకోవడం వరకు అందరిదీ ఒకే మాట. తర్వాతే గందరగోళం. ఒకాయన సమ్నర్ వాష్ అనే వాగు చేరకముందే పైకి తిరగమంటారు. ఇంకొకరు వాష్ దాటి చాలా దూరం తూర్పుకు వెళ్లమంటారు. మూడో ఆయన అసలు నదికే దిగవద్దు, లోయకు ఉత్తరపు అంచైన నార్త్ రిమ్ నుంచి గట్టు మీదుగా రమ్మంటారు. ఎర్రగోడ, అదే రెడ్‌వాల్ అనే నిలువు రాతి పొర, ఎక్కడ తెగి ఉందో తెలియకుండా దాని కింద రోజంతా తచ్చాడడం నాకు ఇష్టం లేదు. వెళ్లివచ్చినవారు ఉంటే చెప్పగలరా? జీపీఎస్ జాడ ఫైలు ఉంటే మరీ మంచిది.

---

తాడుముడి (ఫ్లాగ్‌స్టాఫ్) | సెప్టెంబరు 2

రాళ్లబాట గారూ, మీరు చెప్పిన మొదటి ఇద్దరిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. ఇద్దరూ కొండను తలా ఒక వైపు నుంచి చూసి చెప్పారు.

మ్యాపులో సమ్నర్ బ్యూట్ చూడండి. 5,126 అడుగుల చిన్న దిబ్బ. దాని వెనక, ఉత్తరాన జొరాస్టర్. రెండింటినీ కలుపుతూ ఒక సన్నటి గట్టు ఉంది, మధ్యలో పల్లం ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని శాడిల్ అంటారు. మీరు ఎలా తిరిగి ఎలా వెళ్లినా ముందు చేరవలసింది ఆ శాడిల్ మీదికే. అక్కడికి చేరితే రెడ్‌వాల్ మీ కాళ్ల కిందికి వచ్చేసినట్టు.

క్లియర్ క్రీక్ బాట సమ్నర్ బ్యూట్‌ను దక్షిణం నుంచి చుట్టి తూర్పు వైపుకు తిరుగుతుంది. అక్కడ తగిలే మొదటి పెద్ద వాగు సమ్నర్ వాష్. బాట వదలవలసింది ఆ వాగు దగ్గరే. ముందే తిరిగితే దిబ్బకు దక్షిణపు గోడ కింద ఇరుక్కుంటారు. మరీ తూర్పుకు పోతే జొరాస్టర్ నిలువు గోడల కిందికి చేరతారు, అక్కడ రెడ్‌వాల్ ఎక్కడా సందివ్వదు.

మిగతాది చెప్పే ముందు రెండు ప్రశ్నలు. ఈ కాన్యన్‌లో ఇంతకుముందు బరువు మోసుకుని నది దాకా దిగారా? మీ మిత్రుడు కూడా ముందుండి ఎక్కగలరా, లేక మీ వెనక మాత్రమే వస్తారా?

---

పెన్నలోయ (ప్రొద్దుటూరు) | సెప్టెంబరు 3

కొండలెక్కేవాడిని కాను, చదివేవాడిని మాత్రమే. మాకు దగ్గర్లో గండికోట ఉంది కాబట్టి కాన్యన్ అనే మాట కనబడితే ఆగుతాను. మ్యాపు తెరిచి చూస్తే జొరాస్టర్ పక్కనే బ్రహ్మ టెంపుల్, ఆ పక్కన దేవా టెంపుల్, ఇంకొంచెం దూరంలో విష్ణు, శివ, రాముడు, కృష్ణుడు, బుద్ధుడు! వీళ్లందరూ అరిజోనా ఎడారికి ఎలా వెళ్లారన్నా?

---

భూగర్భం (టుసాన్) | సెప్టెంబరు 3

పెన్నలోయ గారికి: క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త చలవ. 1882లో ఆయన ఈ ప్రాంతం గురించి పెద్ద నివేదిక రాశారు. ఈ శిఖరాలు ఆయన కంటికి తూర్పుదేశపు గుళ్లలా కనబడ్డాయి. విష్ణు, శివ పేర్లు ఆయన పెట్టినవే. తర్వాత పటాలు గీసినవారు ఆ వరస కొనసాగించారు. పేర్లు లేని చోట పెట్టిన పేర్లు కావు లెండి. ఈ లోయ తమ పూర్వీకుల పుట్టుచోటు అని నమ్మే జూనీలు, కాన్యన్‌లోనే బతికిన హవసుపాయిలు, హోపీలు వంటి ఆదివాసులు డటన్ కంటే చాలా ముందునుంచే ఇక్కడ ఉన్నారు.

శివ టెంపుల్ కథ మాత్రం వినదగ్గది. 1937లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వారు హెరాల్డ్ ఆంథొనీ నాయకత్వంలో దాని మీదికి వెళ్లారు. వేల ఏళ్లుగా విడిపోయిన ఆ శిఖరం మీద ఉడతలు వేరే జాతిగా మారి ఉంటాయని ఆశ. పత్రికలన్నీ హోరెత్తాయి. పైకి వెళ్లి చూస్తే కోడాక్ ఫిల్ము పెట్టె కనబడింది. వాళ్లు తోడు తీసుకువెళ్లడానికి ఒప్పుకోని స్థానిక ఫొటోగ్రాఫర్ ఎమరీ కోల్బ్ అంతకుముందే ఎక్కి దిగి వచ్చేశారు!

ఇక రాళ్లబాట గారి ప్రశ్నకు వస్తాను. మీ దారి మొత్తం రాతి పొరలు నిర్ణయించిందే. నది పక్కన నల్లగా కనబడేది విష్ణు షిస్ట్, దాదాపు 170 కోట్ల ఏళ్ల నాటిది. దాంట్లో గులాబి రంగు చారలు జొరాస్టర్ గ్రానైటు. దాని మీద టేపీట్స్ ఇసుకరాయి. ఆపైన బ్రైట్ ఏంజెల్ షేల్ మెత్తటి రాయి, అరిగిపోయి విశాలమైన మెట్టుగా మిగిలింది. క్లియర్ క్రీక్ బాట నడిచేది ఆ మెట్టు మీదే. దాని మీద మ్యూవావ్, తర్వాత రెడ్‌వాల్. సున్నపురాయి, ఈ భాగంలో సుమారు 500 అడుగుల నిలువు. నిజానికి దాని రంగు బూడిద రంగే. పైనున్న సుపాయ్, హెర్మిట్ పొరల నుంచి ఇనుము కారి ఎర్రబడింది.

రెడ్‌వాల్ ఎక్కడపడితే అక్కడ తెగదు. పొర విరిగి జారిన చోటో, రెండు వైపుల నుంచీ కోతపడి గట్టు సన్నబడిన చోటో మాత్రమే సందు దొరుకుతుంది. సమ్నర్ గట్టు రెండో రకం. తాడుముడి గారు శాడిల్ వైపు చూపించడానికి కారణం అదే.

---

ఉత్తరగట్టు (డెన్వర్) | సెప్టెంబరు 4

ఇంత తెలిసి కూడా అందరూ నదికి దిగమని ఎందుకంటారో నాకు అర్థం కాదు. లెక్క చూడండి. సౌత్ కైబాబ్ మొదలు 7,260 అడుగులు. కింద నది దగ్గరి క్యాంపు 2,480. జొరాస్టర్ కొన 7,123. అంటే 4,780 అడుగులు దిగి, మళ్లీ 4,643 అడుగులు ఎక్కి, బయలుదేరిన చోటికంటే 137 అడుగులు తక్కువ ఎత్తుకు చేరతారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అదంతా.

నార్త్ రిమ్ నుంచి చూస్తే ఓబీ పాయింట్, దేవా, బ్రహ్మ, జొరాస్టర్ ఒకే వరుస గట్టు. ఆ గట్టు రెడ్‌వాల్‌కు పైనే ఉంది. పైనుంచి కోకోనీనో అనే ఇసుకరాతి గోడ ఒక్కటి దిగితే చాలు, ఎర్రగోడ గొడవే ఉండదు. పైగా ఈశాన్యపు అంచు ఉన్నది బ్రహ్మ వైపే.

---

తాడుముడి | సెప్టెంబరు 4

లెక్క ఒప్పే. ఆ గట్టు మీద నీళ్లు ఎక్కడ ఉన్నాయో కూడా చెప్పండి మరి.

రిమ్ దిగిన దగ్గర నుంచి తిరిగి రిమ్ ఎక్కేదాకా ఆ గట్టు మీద ఊటలేదు, వాగులేదు. ఇద్దరికి మూడు రోజులకు సరిపడా నీళ్లు భుజం మీద వేసుకుని, దేవా, బ్రహ్మల పక్కన హెర్మిట్ వాలు మీద అడ్డంగా నడవాలి. కాలు పెడితే జారే మట్టి, దాని కింద సుపాయ్ అంచులు. మ్యాపులో గీత దగ్గరగానే కనబడుతుంది, కాలికి కాదు. దిగేటప్పుడు తాడు వేసుకుని దిగిన గోడ తిరిగి ఎక్కవలసిందే అన్న సంగతి కూడా మరిచిపోవద్దు. అలసిపోయి, నీళ్లు అయిపోయిన తర్వాత ఎక్కవలసిన గోడ అది. దక్షిణం వైపు నుంచి వెళ్తే కనీసం అలసట నీళ్లున్న వైపుకు దిగుతుంది.

ఇంకొకటి. శీతకాలంలో నార్త్ రిమ్ రోడ్డు మూసేస్తారు, మామూలుగా మే మధ్య దాకా తెరవరు. అప్పటికి లోపల ఎండ ముదిరిపోతుంది. పైగా 2025 జులైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చు ఆ వైపు లాడ్జిని కూడా కాల్చేసింది. అక్కడ ఏది తెరిచారో, ఏది మూశారో బయలుదేరే వారమే పార్కు వారి ప్రకటనలో చూసుకోవాలి. అన్నిటికీ మించి, రాళ్లబాట గారి చేతిలో ఉన్నది క్లియర్ క్రీక్ పర్మిట్. పర్మిట్ ఏ ప్రాంతానికి ఇస్తే ఆ ప్రాంతంలోనే పడుకోవాలి.

---

ఉత్తరగట్టు | సెప్టెంబరు 4

సెప్టెంబరు, అక్టోబరుల్లో రోడ్డు తెరిచే ఉంటుంది కదా అక్కా. నీళ్ల మాట ఒప్పుకుంటాను. కానీ రెండు వైపులా బాగా తెలిసినవారికి గట్టు దారి అందమైనదే అంటాను.

---

తాడుముడి | సెప్టెంబరు 4

అందం గురించి నేనెప్పుడూ వాదించను.

---

రాళ్లబాట | సెప్టెంబరు 5

అందరికీ ధన్యవాదాలు. తాడుముడి గారి ప్రశ్నలకు: నది దాకా దిగి బ్రైట్ ఏంజెల్ బాటలో ఎక్కి వచ్చాను, కానీ చిన్న సంచితోనే. మా మిత్రుడు నా వెనకే వస్తాడు, ముందుండి ఎక్కడు.

నా ఆలోచన ఇది. మొదటిరోజు తెల్లవారకముందే షటిల్ బస్సులో సౌత్ కైబాబ్ మొదలుకు వెళ్లడం (అక్కడికి సొంత కారు వెళ్లనివ్వరు కదా), మధ్యాహ్నానికి సమ్నర్ వాష్ దాటి మకాం. రెండోరోజు శిఖరం ఎక్కి తిరిగి మకాముకు. మూడోరోజు ఇంటికి. ఇది కుదిరే పనేనా?

---

ఒంటిపూట (శాన్ హొసే) | సెప్టెంబరు 5

మకాం ఎందుకండీ? గుడారం, స్టవ్, పడక సంచి, వాటిని మోయడానికి ఇంకా నీళ్లు. రిమ్ నుంచి శిఖరానికి వెళ్లి, ఒకే ఊపులో తిరిగి రిమ్‌కు వచ్చేవారు ఉన్నారు. అర్ధరాత్రి బయలుదేరండి, బరువు సగమవుతుంది. ఒక్కరోజు పనికి రాత్రి మకాం పర్మిట్ కూడా అక్కరలేదు.

---

తాడుముడి | సెప్టెంబరు 5

చేసేవారు ఉన్నారు, నిజమే. వాళ్లకు సుపాయ్ మెట్లలో ప్రతి మలుపూ కంఠతా వచ్చు. దారే తెలియదని అడిగినవారికి ఆ సలహా ఇవ్వడం ఏ విధంగా సాయం? అక్టోబరు ఆఖరులో అక్కడ పొద్దు పొడిచేది ఏడింటికి కాస్త ముందు, కుంకేది అయిదున్నర దాటాక. పగలు పదకొండు గంటలకు మించదు. ఆ పదకొండు గంటలూ దారి వెతుక్కునే చోట ఖర్చుపెట్టాలి, తెలిసిన బాటను చీకట్లో నడవాలి. మకాం వేస్తే జరిగేది అదే.

రాళ్లబాట గారూ, మీ ప్రణాళికలో రెండోరోజు చాలా బరువుగా ఉంది. మకాం నుంచి వాగు వెంట పైకి, రెడ్‌వాల్ సందు, శాడిల్, సుపాయ్ మెట్లు, ఆ తర్వాత కోకోనీనో అడుగున తూర్పు వైపు నుంచి చుట్టి ఈశాన్యపు అంచుకు. ఇదంతా అయ్యాకే మీరు ఎక్కాలనుకున్న గోడ మొదలవుతుంది. దిగేటప్పుడు గోడతో పాటు సుపాయ్‌లో కూడా తాడు మీద దిగాలి. మీ మిత్రుడు ముందుండి ఎక్కరు కాబట్టి కష్టమైన ప్రతి చోటా మీరే.

నేనైతే ఈసారి గోడ సామాను ఇంట్లో వదిలేస్తాను. ఒక తాడు, కొన్ని స్లింగులు (రాతికి చుట్టి కట్టే నైలాన్ పట్టీలు), పగుళ్లలో బిగించే సామాన్లు నాలుగైదు చాలు. లక్ష్యం ఈశాన్యపు అంచు మొదలు. దాన్ని చేత్తో ముట్టుకుని రండి. తర్వాతి ప్రయాణంలో గోడ.

---

రాళ్లబాట | సెప్టెంబరు 6

నిజం చెప్పాలంటే ఆ సలహా మింగుడుపడటం లేదండీ. పర్మిట్ దొరకడమే గగనం. అంత దూరం వెళ్లి గోడను చూసి రావడమా?

---

భూగర్భం | సెప్టెంబరు 6

మింగుడుపడకపోతే పక్కన పెట్టుకోండి, పారేయవద్దు. ఇంకో మాట. జీపీఎస్ జాడ ఫైలు అడిగారు. నా దగ్గర ఉన్నా ఇవ్వను. కారణం పిసినారితనం కాదు. నిలువు గోడల మధ్య ఉపగ్రహాల సంకేతాలు గోడలకు తగిలి వంకర తిరుగుతాయి. మైదానంలో పదిహేను మీటర్లు పక్కకు పోతే రోడ్డుకు అవతలి అంచున ఉంటారు. ఇక్కడ అదే పదిహేను మీటర్లు వేరే పొర మీద, వేరే అంచు మీద పెడుతుంది. ఫోనులో నీలం చుక్క గీత మీదే ఉంటుంది, మీరు మాత్రం గాలిలో వేలాడుతుంటారు. పొరలను గుర్తుపట్టడం నేర్చుకోండి. ఎర్రని నిలువు గోడ కింద ఉన్నారా, ఎర్రని మెట్ల గోడల మధ్య ఉన్నారా, పైన లేత పసుపు గోడ కనబడుతోందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మీరెక్కడున్నారో తెలిసినట్టే.

---

నిర్వాహకుడు | సెప్టెంబరు 6

చిన్న గమనిక: ఈ వేదికలో బాట లేని ఎక్కుళ్ల జాడ ఫైళ్లు పెట్టకూడదన్నది పాత నిర్ణయమే. ఒకే గీత వెంట అందరూ నడిస్తే ఆ మట్టి తట్టుకోదు. మాటల్లో చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

---

కృష్ణవేణి (లాస్ వేగాస్) | సెప్టెంబరు 7

కొండలు నాకు అంతంత మాత్రం. అత్యవసర విభాగంలో నర్సును కాబట్టి నీళ్ల గురించి చెబుతాను. అక్టోబరులో లోయ అడుగున సగటు పగటి వేడి 84 ఫారెన్‌హీట్, మనకు అలవాటైన లెక్కలో 29 డిగ్రీలు. వినడానికి హాయిగా ఉంటుంది. సగటు అంటే కొన్ని రోజులు అంతకంటే బాగా ఎక్కువని కూడా అర్థం. పైగా శాడిల్‌కు వెళ్లే వాలుకు దక్షిణపు ఎండ పూర్తిగా తగులుతుంది.

అందరూ నీళ్లు తాగమంటారు, ఉప్పు తినమని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. గంటలకొద్దీ చెమటోడుస్తూ, ఏమీ తినకుండా ఒట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం. చూసేవారు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు! కాన్యన్‌లో ఇది అరుదేమీ కాదు, పార్కు వారే హెచ్చరిస్తారు. ప్రతిసారీ నీళ్లతో పాటు ఉప్పగా ఏదైనా నమలండి. మొదటి రోజుకు పులిహోర పట్టుకెళ్లండి. చింతపండు పులుపు, ఉప్పు, పల్లీలు, నూనె అన్నీ అక్కడ పనికొచ్చేవే. తర్వాతి రోజులకు కారప్పూస, జీడిపప్పు. ఊరికే తీపి బిళ్లలు నింపుకుని వెళ్లవద్దు, ఎండలో నోరు వాటిని తిరస్కరిస్తుంది.

---

పెన్నలోయ | సెప్టెంబరు 7

మేడమ్, పులిహోర అన్నారు సరే, మొదట అడగవలసింది నేను కదా: ఆ బండల్లో నీళ్లు ఎక్కడివి? మా వైపు గుట్టల మీద వానాకాలం తర్వాత దొనల్లో నీళ్లు నిలుస్తాయి. గొర్రెల కాపరులకు అవే ఆధారం. అలాంటివి అక్కడ ఉంటాయా?

---

తాడుముడి | సెప్టెంబరు 7

ఉంటాయి పెన్నలోయ గారూ, సమ్నర్ వాష్‌లోనే ఉంటాయి. వాన పడిన కొన్నాళ్ల దాకా బండ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. తర్వాత అడుగున మట్టిపెళ్ల మాత్రమే. అందుకే వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. ఉంటే అదృష్టం. వడపోత సామాను మాత్రం ఉండాలి.

నమ్మదగిన ఆఖరి నీళ్లు ఫాంటమ్ రాంచ్ దగ్గరే. సౌత్ కైబాబ్ బాట పొడవునా చుక్క నీరు లేదు, నీడ కూడా అంతంతే. క్యాంపు దాకా ఏడు మైళ్లు. లోయకు నీళ్లు తెచ్చే పైపు పాతది, తరచూ పగులుతుంది, మరమ్మతులూ జరుగుతుంటాయి. ఏ కుళాయి పనిచేస్తోందో ముందురోజు అడగండి. కుళాయి లేకపోయినా బ్రైట్ ఏంజెల్ వాగు పారుతూనే ఉంటుంది, వడపోసుకోవచ్చు.

ఇద్దరికి అక్కడి నుంచి రెండు రాత్రులకు, మధ్యలో పెద్ద ఎక్కుడుకు కలిపి మనిషికి తొమ్మిది పది లీటర్లు తగ్గకూడదు. లీటరంటే కిలో. అదంతా వీపున వేసుకుని క్లియర్ క్రీక్ బాట మొదటి మలుపులు ఎక్కాలి. వాటిని మిట్టమధ్యాహ్నం ఎక్కవద్దు. ఫాంటమ్ రాంచ్ దగ్గర నీడలో కూర్చుని, ఎండ తగ్గడం మొదలవగానే కదలండి. బాటలో మొదటి రెండు మైళ్లలో మకాం వేయనివ్వరు, సమ్నర్ వాష్ దాటాకే. చీకటి పడేలోగా చేరిపోతారు.

బరువుగా అనిపించినప్పుడు నల్ల వంతెన గుర్తుచేసుకోండి. 1928లో దాన్ని కట్టినప్పుడు ఒక్కొక్కటి టన్ను దాటిన ప్రధాన తీగలను నలభై రెండు మంది, ఎక్కువగా హవసుపాయిలు, బారుగా నిలబడి భుజాల మీద ఈ బాటలోనే దించారు. మలుపుల్లో ఎలా తిప్పారో నాకు ఇప్పటికీ ఊహకందదు.

---

రాళ్లబాట | సెప్టెంబరు 9

ఆలోచించాం. మీ మాటే వింటున్నాం. ఈసారి దారి మాత్రమే. ఒక ప్రశ్న: వాగు నుంచి పైకి రాళ్ల కుప్పలు గుర్తులుగా పెట్టి ఉన్నాయట కదా, వాటిని నమ్మవచ్చా?

---

తాడుముడి | సెప్టెంబరు 9

కొన్ని మంచివాళ్లు పెట్టినవి. కొన్ని దారి తప్పినవాళ్లు పెట్టినవి. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి!

కుప్పలకంటే పెద్ద మోసం అడవి గొర్రెల బాటలు. బిగ్‌హార్న్ గొర్రెలు రెడ్‌వాల్ అడుగున చక్కగా చదునైన దారి వేస్తాయి. నడవడానికి హాయిగా ఉంటుంది, ఎంత దూరమైనా తీసుకుపోతుంది. కానీ గొర్రెకు పని మేతతో, మీకు పని శాడిల్‌తో. అడ్డంగా ఎక్కువసేపు నడుస్తున్నారంటే ఆగి చూడండి. ఇక్కడ సరైన దారి ఎక్కువగా పైకే పోతుంది.

మొదటి సాయంత్రం మకాం వేశాక అరగంట ఖర్చుపెట్టి పైకి చూడండి. పొద్దు వాలేటప్పుడు పక్కనుంచి పడే వెలుగులో పగుళ్లు, మెట్లు, వాలు తట్టులు విడివిడిగా కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అదే గోడ ఒకే ఎర్రముద్ద. ఫొటో తీసి దాని మీద వేలితో గీత గీసుకోండి. తెల్లారి దగ్గరికి వెళ్లాక ఆ ఆకారం కనబడదు, ఫొటోయే ఆధారం.

రెడ్‌వాల్‌లో చేతులు వాడవలసిన చోట్లు ఉంటాయి, ఒకటి రెండు చోట్ల తాడు తీయడమే మేలు. సున్నపురాయి పదునుగా ఉంటుంది, పల్చటి తోలు తొడుగులు పట్టుకెళ్లండి. శాడిల్ చేరగానే వెనక్కి తిరిగి, ఎక్కి వచ్చిన సందు తల ఎలా ఉందో చూసి ఇంకో ఫొటో. దిగేటప్పుడు పైనుంచి అన్ని సందులూ ఒకేలా ఉంటాయి. వాటిలో ఒకటి తప్ప అన్నీ గాలిలోకి తెరుచుకుంటాయి.

సుపాయ్‌లో తొందర వద్దు. చిన్న చిన్న గోడలు, మధ్యలో మట్టి అరుగులు. ప్రతి గోడకూ బలహీనమైన చోటు ఒకటుంటుంది, అది ఎప్పుడూ ముందు గోడకు నేరుగా పైన ఉండదు. పాత స్లింగులు కనబడితే దారి అదే అనుకోవచ్చు, వాటికి మాత్రం బరువు అప్పగించకండి. ఆ ఎండలో నైలాన్ ఎండుగడ్డిలా పెళుసవుతుంది. మీదొకటి కట్టి, చచ్చినవాటిని కోసి తెచ్చేయండి.

---

రాళ్లబాట | నవంబరు 3

వెళ్లివచ్చాం. వివరంగా రాస్తున్నాను, తర్వాత వెళ్లేవారికి పనికొస్తుందని.

సమ్నర్ వాష్‌లో రెండు గుంటల్లో నీళ్లున్నాయి, ఆకుపచ్చగా, పురుగులతో. వడపోసి వంటకు వాడాం, దాంతో మోసిన నీళ్లు మిగిలాయి. సాయంత్రం ఫొటో మీద మిత్రుడు ఒక గీత గీశాడు, నేనొకటి గీశాను. వాదన తేలక రెండూ ఉంచుకున్నాం. తెల్లవారుజామున తలదీపాలతో వాగు వెంట బయలుదేరి, వెలుతురు వచ్చేసరికి రెడ్‌వాల్ అడుగున ఉన్నాం. మిత్రుడి గీతే సరైనది.

గొర్రెల బాట కనబడగానే గుర్తుపట్టాం. నిజంగానే మన కాళ్లను లాగేస్తుంది. రెండు రాళ్ల కుప్పలు కూడా ఆ బాట మీదే ఉన్నాయి! శాడిల్ మీద గాలి బాగా కొట్టింది, అక్కడే కారప్పూస అయిపోయింది. సుపాయ్‌లో రెండో మెట్టు దగ్గర ఎక్కువ సమయం పోయింది. నేరుగా పైకి చూసి వెతుకుతున్నాం, సందు చాలా పక్కన, ఒక అంచు చుట్టూ తిరిగితే కనబడింది. పైకి వచ్చాక హెర్మిట్ వాలు. నాకు అన్నిటికంటే నచ్చనిది అదే. ఎక్కడానికి ఏమీ ఉండదు, పడితే ఆగడానికీ ఏమీ ఉండదు. కోకోనీనో గోడను చేత్తో తడుముకుంటూ తూర్పు వైపు నుంచి చుట్టి వెళ్లాం.

ఈశాన్యపు అంచు మొదలు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. అప్పటికే అక్కడ నీడ. కింద చొక్కాతో చెమటలు కారాయి, ఇక్కడ ఉన్న బట్టలన్నీ వేసుకున్నాం. గోడ సామాను తెచ్చుకుని ఉంటే మొదలుపెట్టేవాళ్లమే, అది ఖాయం. దిగడానికి ఎక్కినంత సమయమూ పట్టింది. వాగులోకి వచ్చేసరికి దీపాలు వెలిగించాం.

---

ఒంటిపూట | నవంబరు 3

శిఖరం ఎక్కకుండా వచ్చినా నివేదిక బాగుంది. నాకు మాత్రం మనసొప్పేది కాదు.

---

ఉత్తరగట్టు | నవంబరు 4

అంచు దగ్గర నుంచి బ్రహ్మ వైపు గట్టు ఎలా కనబడింది? నడవదగినదేనా?

---

రాళ్లబాట | నవంబరు 4

బ్రహ్మకూ జొరాస్టర్‌కూ మధ్య పల్లం దాకా సాఫీగానే ఉన్నట్టు కనబడింది. ఆ తర్వాత బ్రహ్మ పక్క వాలు నాకు చూడగానే నచ్చలేదు. మీకు నచ్చుతుందేమో.

మార్చి రెండో వారానికి మళ్లీ పర్మిట్ కోసం ప్రయత్నిస్తున్నాం, ఈసారి మూడు రాత్రులకు. మిత్రుడు శీతకాలమంతా ముందుండి ఎక్కడం సాధన చేస్తానంటున్నాడు. తాడుముడి గారూ, మార్చిలో అంచు మీద మంచు మిగిలి ఉంటుందా?

---

తాడుముడి | నవంబరు 4

ఎండ తగలని పగుళ్లలో ఉండవచ్చు. మంచుకంటే తడి పెద్ద సమస్య. కోకోనీనో గట్టిపడిన ఇసుకదిబ్బే కదా, తడిసిన ఇసుకరాయి బలం కోల్పోతుంది, పట్టు విరుగుతుంది, పగుల్లో పెట్టిన సామానూ ఊడుతుంది. వానో మంచో పడితే ఆరడానికి రెండు మూడు రోజులు వదలండి. మూడు రాత్రులు అడగడం మంచి పని, ఆ వెసులుబాటు ఉంటుంది. సౌత్ కైబాబ్ పైభాగంలో మార్చిలో గడ్డకట్టిన మంచు ఉండే అవకాశం ఎక్కువ. బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు తీసుకెళ్లండి, మొదటి మైలు దాటాక సంచిలో పడేయవచ్చు.

సుపాయ్ రెండో మెట్టు దగ్గర పాత స్లింగులు ఏ స్థితిలో ఉన్నాయి? వచ్చే వారం నేనూ అటు వెళ్తున్నాను.

---

రాళ్లబాట | నవంబరు 5

మూడు ఉన్నాయి. రెండు తెల్లబారిపోయాయి, కోసి తెచ్చేశాం. మూడోది ఊదారంగుది, కొంచెం కొత్తది. దాని పక్కనే మేమొకటి నల్లది కట్టి దిగాం. రెండింటినీ చూసుకుని వాడండి. ఇంకో అడుగు తాడు మిగలాలంటే డెబ్బై మీటర్లది తీసుకెళ్లండి, మా అరవై మీటర్ల తాడు అరుగు దాకా కష్టంగా అందింది.